బల్ల అంచున టంకం పెట్టె

మా ఇంట్లో ఒక రైల్వే ఉంది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు గల దాని సామ్రాజ్యంలో రెండు స్టేషన్లు, ఒక వంతెన, ఒక కొండ, ఆ కొండ కింద సొరంగం, పదకొండు మంది ప్రయాణికులు ఉన్నారు. ఆ పదకొండు మందిలో నలుగురికి తలలు ఊడిపోయాయి. అయినా బండి కోసం ఎదురుచూడటం మానలేదు. సూరత్‌లో తాపీ నదికి అవతల, అమ్రోలిలోని మా మూడో అంతస్తు ఫ్లాటులో, చుట్టాల కోసమని వదిలిన చిన్న పడకగదిని నేను దీనికి ధారపోశాను. మూడు గోడల వెంట నడుమెత్తు బల్ల, బల్ల మీద బొమ్మ పట్టాలు, పట్టాల మీద అరచేతిలో పట్టే ఇంజను. చుట్టాలు వస్తే హాల్లో పడుకుంటారు. కొందరు రావడమే మానేశారు. రైళ్ల వల్ల మనుషుల రాకపోకలు తగ్గిన ఇల్లు దేశం మొత్తానికి ఇదొక్కటేనని మా ఆవిడ అంటుంది.

నేను జీతం తీసుకునేది కూడా రైల్వేలోనే, అసలు రైల్వేలో. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా ఇంజను ఎక్కలేదు. నా కొలువు బల్ల ముందు. ఫైలు నడిచి నా దగ్గరికి వస్తుంది, సంతకం చేస్తే మళ్లీ నడిచి వెళ్లిపోతుంది. ఫైలు ఉన్న చోటికి నేను వెళ్లిన పాపాన పోలేదు. పని బల్ల దగ్గరికి రావాలి గాని, బల్ల పని దగ్గరికి వెళ్లడమేమిటన్నది నా రక్తంలో ఇంకిపోయింది. తర్వాత జరిగిన విధ్వంసానికంతటికీ ఇదే మూలం.

అది 2021 వానాకాలం. కరోనా రెండో విడత ఊరిని కుదిపేసి అప్పుడప్పుడే తగ్గుముఖం పట్టింది. ఆఫీసు రోజు విడిచి రోజు. మిగిలిన రోజుల్లో నేను గదిలో చేరి రైల్వే బోర్డు మొత్తంగా వ్యవహరిస్తుండగా, మా రైల్వేకీ జబ్బు చేసింది. ఇంజను మొదటి స్టేషన్లో రాజసంగా బయల్దేరుతుంది, వంతెన దాటుతుంది, సొరంగం నోటి దగ్గరికి వచ్చి, లోపల పులి కనబడ్డట్టు ఆగిపోతుంది. వేలితో నెడితే నాలుగంగుళాలు కదిలి మళ్లీ ధ్యానంలోకి వెళ్లిపోతుంది.

కారణం చిన్నదే. బొమ్మ రైలుకి కరెంటు పట్టాల్లోంచే అందుతుంది. పట్టాలేమో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ముక్కకీ ముక్కకీ మధ్య బియ్యపు గింజంత రేకు బిళ్ల ఒక్కటే ఆధారం. సూరత్ చెమ్మగాలికి ఆ బిళ్లలు చిలుం పట్టి కరెంటును అటకాయిస్తున్నాయి. మందు కూడా తెలిసిందే. ప్రతి ముక్కకూ విడిగా ఒక సన్నని తీగను టంకంతో అతికించి, బల్లకు కన్నం వేసి, ఆ తీగను కిందికి దించి పెద్ద తీగలకు కలపాలి. పదిహేడు ముక్కలు, ముక్కకు రెండు పట్టాలు, వెరసి ముప్పై నాలుగు అతుకులు. లంకకు వారధి కట్టినప్పుడు కూడా ఇన్ని అతుకులు పడి ఉండవు.

నా సోల్డరింగ్ ఐరన్ బాల్కనీలో ఒక బల్ల మీద కొలువై ఉండేది, ప్లగ్గు అక్కడే ఉంది గనక. సంప్రదాయం ప్రకారం నేను పట్టాలను బల్ల దగ్గరికి రప్పించాను. అంటే, మేకులు ఊడదీసి, పట్టా ముక్కను పసిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకుని, హాలు దాటి, వంటింటి గుమ్మం దాటి, బాల్కనీకి చేర్చి, తీగ అతికించి, మళ్లీ అదే ఊరేగింపుగా వెనక్కి. వెళ్లేటప్పుడు తిన్నగా ఉన్న పట్టా వచ్చేసరికి అరటికాయలా వంగేది. తీగ తలుపు గడియకు తగులుకుని ఊడిపోయేది. ఊడకుండా వచ్చిన ఒక్క ముక్కా తన పాత చోట్లో తానే పట్టలేదు. అప్పుడు తెగించి ఐరన్‌నే గదిలోకి తెచ్చాను. హాల్లోంచి పొడుగాటి వైరు లాగి, ఐరన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టాను. గ్లాసు దొర్లింది. స్టేషను మాస్టరు గదీ, అందులో ఉన్న స్టేషను మాస్టరూ కలిసి కరిగిపోయారు. వైరు కాలికి తగిలి మా ఆవిడ చేతిలోని పప్పు గిన్నె రెండో స్టేషను దాకా ప్రయాణించింది. వారం తిరిగేసరికి నాలుగు అతుకులు పూర్తయ్యాయి. వాటిలో మూడు ఊడాయి.

ఆ వారం చివరనే కింది అంతస్తు అన్న మా ఇంటికి వచ్చాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె మనిషి, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. సూరత్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా మరమగ్గాల ఫిట్టరు. మరమగ్గాన్ని ఆయన సాంచ అంటాడు. సాంచ మొరాయిస్తే దాని చెవి మెలేసి నడిపించడం ఆయన పని. ఏప్రిల్లో జ్వరమొచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మనిషి తిరిగొచ్చాడు గాని చేతులు పూర్తిగా తిరిగి రాలేదు. టీ కప్పు పట్టుకుంటే సాసరు గంటలా మోగేది. బిల్డింగు మొత్తానికీ ఒక్కటే ఆక్సీమీటరు ఉంది, అది నాది. దాన్ని తిరిగి ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, మాస్కు సర్దుకుంటూ తన సంగతి చెప్పాడు.

ముందు రోజు మిల్లులో పని చూసే మాస్టరు ఆయన్ని కేబిన్‌కి పిలిచి, రెండు దారప్పోగులు చేతిలో పెట్టి ముడి వెయ్యమన్నాడట. తెగిన పోగు ముడెయ్యలేనివాడు సాంచ దగ్గర ఏం చేస్తాడు? పోగులు రెండూ గాలిలో ఎదురెదురుగా వణుకుతూ నిలబడ్డాయి గాని కలవలేదు. మాస్టరు చెడ్డవాడు కాదు. పదిహేను రోజులు ఆగి సోమవారం నాడు మళ్లీ రమ్మన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు సాంచల నడుమ తిరిగినోణ్ని సార్" అన్నాడు. "గేటు కాడ కుర్చేసి కూసోవెడితె, లోపలి సప్పుడు ఇనుకుంట సస్త."

ఎవరైనా కష్టం చెప్పుకుంటే నేను చేసే పని ఒకటే. మా రైల్వే చూద్దురుగాని రమ్మన్నాను.

గదిలోకి అడుగుపెట్టి, "ఏంది సార్ గిది?" అన్నాడు. అసలు ఈ ప్రశ్న అడిగేవాళ్ల కోసమే నేను బతుకుతున్నాను. సొరంగం చరిత్ర, వంతెన స్థలపురాణం, తలలు పోయిన ప్రయాణికుల వంశవృక్షాలు, అన్నీ వివరించాను. ఆయన అవేవీ విన్నట్టు లేదు. బల్ల కిందికి వంగి, తీగల అడవిలోకి దూరి, చాలాసేపు అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చేసరికి మొహంలో ఆసుపత్రి నుంచి వచ్చాక ఎన్నడూ చూడని వెలుగు.

సాంచ మీద కూడా ఇదే కథట. పడుగులో నిలువునా సాగే ఒక్కో పోగుకీ ఒక్కో సన్నని రేకు వేలాడుతుందట, వేలకు వేలు. ఏ పోగు తెగినా దాని రేకు కిందికి జారి, కరెంటు తీగకు తగిలి, సాంచ ఆగిపోతుందట. "ఆడ కరెంటు తగిలితె ఆగుతది, మీకాడ తగలకుంటె ఆగుతది. గంతే ఫరక్" అన్నాడు. నా రైల్వేని ఇంత గౌరవంగా అర్థం చేసుకున్నవాడు అంతకుముందు ఎవడూ లేడు.

తర్వాత అతుకుల సంగతి అడిగాడు. నేను నా ఊరేగింపు వైభవాన్ని వర్ణించాను. ఆయన మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ అడిగాడు.

"సాంచ కరాబైతె ఇంటికి ఎత్తుకపోతమా సార్? అది ఆన్నే ఉంటది. మనమే పోతం, డబ్బా పట్టుకోని."

వంటింట్లోంచి మా ఆవిడ పకపకా నవ్వడం వినిపించింది. ఇరవై ఆరేళ్ల నా ప్రభుత్వ సేవ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

మర్నాడు ఆయన ఒక రేకు పెట్టెతో వచ్చాడు. నేతలో దారం చుట్టిన కండెలు పెట్టుకునే పెట్టె, మూడు వైపులా గోడలు, ఒకవైపు తెరిచి ఉంది. దానికి లావుపాటి ఇనప పట్టీలు రెండు వంచి కొక్కేలు చేయాలన్నాడు. చేయాలన్నాడే గాని చేయలేకపోయాడు. స్క్రూడ్రైవరు మొనను స్క్రూ గాడిలో పెట్టబోతే అది గాడి చుట్టూ ప్రదక్షిణం చేసింది. నాలుగోసారికి దాన్ని మెల్లగా నా చేతిలో పెట్టి, ఏమీ జరగనట్టు మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. అప్పట్నుంచి తల ఆయనది, చేతులు నావి. ఆ రెంటిలో పని చేసేది మాత్రం ఒక్కటే. నేను ఒక స్క్రూ బిగించడానికి పట్టిన కాలంలో ఆయన తన ఊరి నుంచి సూరత్ వచ్చిన కథంతా చెప్పేశాడు.

మూడు రోజుల్లో ఆ పెట్టె అవతరించింది. అవతరించింది అన్న మాట తూచే వాడుతున్నాను. కొక్కేలతో దాన్ని బల్ల అంచుకు తగిలిస్తే, పక్కింటి గోడకు తగిలించిన పక్షి గూడులా ధీమాగా వేలాడింది. ఎత్తి పక్కకి తగిలిస్తే అక్కడ వేలాడింది. లోపల ఎడమ మూల సాంచలోంచి తీసిన గట్టి స్ప్రింగు ఒకటి, వేడి ఐరన్ అందులోకి దూరి పాము పుట్టలో పడుకున్నట్టు పడుకుంటుంది. ఐరన్ మొన తుడవడానికి మా ఆవిడ గిన్నెలు తోమే ఇత్తడి పీచు, ఆవిడకి తెలియకుండా సేకరించినది. టంకం తీగ చుట్టడానికి ఖాళీ కండె. పెట్టె వెనక మూడు రంధ్రాల ప్లగ్గు బోర్డు. దాని వైరు బల్ల కింద నుంచే వెళుతుంది గనక ఇక ఏ పప్పు గిన్నెకీ ప్రయాణ యోగం లేదు. చివరగా ఆయన సంచీలోంచి ఒక పాత కొయ్య నాడె తీశాడు. నేతలో దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లే నాడె, రెండు కొసలకీ ఉక్కు ములుకులు, వాడి వాడి గాజులా మెరుస్తోంది. నాడెలున్న పాత సాంచలు పోయి కొత్తవి వచ్చిన రోజు మిల్లులోంచి గుర్తుగా తెచ్చుకున్నాడట. దాన్ని పెట్టెకు తాడుతో కట్టి, పట్టా పక్కన పెట్టి, నా మణికట్టును దాని మీద ఆనించాడు.

"చెయ్యి ఊకె మోయొద్దు సార్. బరువు దానికియ్యి."

నేను బరువు దానికిచ్చాను. ఐరన్‌ను పట్టాకి ఆనించాను. టంకం కరిగి, ఆవగింజంత ఉండాల్సింది ఉసిరికాయంత అయింది. ఆయన దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసి, గట్టిగానే ఉందన్నాడు. మా రాయలసీమ అల్లుడు వండిన రాగిసంకటిని కూడా మా ఆవిడ ఇలాగే మెచ్చుకుంటుంది.

అప్పుడు నాకు ఒక దుర్బుద్ధి పుట్టింది. నడుము పట్టుకుని "అబ్బా" అన్నాను. వయసు మీదపడిందన్నాను, వంగలేకపోతున్నానన్నాను, ఈ ఒక్కటీ కానియ్యమని ఐరన్ ఆయనవైపు చాచాను. ఆయన నా నడుము వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, పొద్దున ఇదే నడుముతో గ్యాస్ సిలిండరు జరిపారు కదండీ అనబోయి, ఎందుకో అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఐరన్ అందుకున్నాడు.

ఐరన్ మొన గాలిలో తేనెటీగలా జుమ్మంది. పట్టావైపు వస్తూ వస్తూ ఇంకా ఎక్కువైంది. నాకే తెలియకుండా నేను గోడను పట్టుకున్నాను. ఆయన మణికట్టు నాడె మీద ఆనింది. వణుకు మోచేతి నుంచి దిగి, మణికట్టు దగ్గర ఆగి, వేళ్లలో కొంచెం మిగిలింది. చిటికెన వేలు చాచి పక్క పట్టా మీద మోపాడు. ఆ మిగిలిందీ ఆగింది. మొన పట్టాని తాకింది. ఒకటి, రెండు, మూడు అని ఆయన మాస్కు లోపల లెక్కపెట్టాడు. టంకం తీగ కొస ఆనించగానే, అది పాదరసంలా ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, తీగ చుట్టూ, పట్టా పక్కగా పాకి, మెరిసి, మసకబారి, గట్టిపడింది. సన్నని పొగ లేచింది. పట్టాల కింద అడ్డంగా ఉండి, వేడి తగిలితే కరిగిపోయే ప్లాస్టిక్ స్లీపరు, వెంట్రుకవాసి దూరంలో ఉండి కూడా, చెక్కు చెదరలేదు.

నేను తిరుపతి కొండ చూశాను, సముద్రం మీద సూర్యోదయం చూశాను. నోరు అంతసేపు తెరుచుకుని ఉన్నది మాత్రం అప్పుడే. ఆయన కూడా దాన్ని చూస్తున్నాడు, ఎవరో వేరేవాళ్లు చేసిన పనిని చూస్తున్నట్టు.

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదింటికల్లా వచ్చేవాడు. రోజుకి మూడో నాలుగో అతుకులు. పెట్టెను ఎత్తి పక్కకి తగిలించడం, కన్నం వెయ్యడం, తీగ కొస ఒలవడం నా వంతు. ఉన్న పదవి నుంచి నన్ను నేనే కలాసీగా దించేసుకున్నాను. అన్నీ కుదిరాయని కాదు. రెండు రోజులు జ్వరపు నీరసం మళ్లీ వచ్చి చేతులు ఎంతకీ మాట వినలేదు. ఒక స్లీపరు కరిగింది. ఒకసారి ఐరన్‌ను స్ప్రింగులో పడేసి, చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు ఐదింటికి ఏమీ ఎరగనట్టు వచ్చి, "పెట్టె ఏడ తగిలిచ్చిన్రు?" అన్నాడు.

ఇరవై ఎనిమిదో అతుకు దగ్గర కాబోలు, పని మధ్యలో ఆగిపోయాడు. నాడె మీద నుంచి చెయ్యి ఎత్తి గాలిలో పెట్టాడు. వణికింది. ఆనించాడు. ఆగింది. ఎత్తాడు, వణికింది. ఆనించాడు, ఆగింది. పదిసార్లు అలాగే చేసి, ఐరన్ కింద పెట్టి, నావైపు తిరిగాడు.

"సార్, సాంచ మీద ఎవడన్న గాలిల ముడేస్తడా?"

నాకు అర్థం కాలేదు. ఆయన లేచి నిలబడి చూపించాడు. పోగు తెగితే ఫిట్టరు సాంచ మీదికి వంగుతాడు, మోచేతులు ముందున్న దిమ్మె మీద ఆనతాయి, మణికట్లు పడుగు పక్కనున్న పట్టీ మీద ఆనతాయి, అప్పుడు వేళ్లు పనిచేస్తాయి. ఇరవై ఎనిమిదేళ్లూ అలాగే ముడులేశాడు. అలవాటైపోయి ఆనుతున్నానన్న సంగతే మరిచిపోయాడు. మాస్టరు కేబిన్లో పిలిచి, ఏ ఆసరా లేని గాలిలో వెయ్యమంటే వేళ్లు కలవలేదు. పోగును సాంచ దగ్గర్నుంచి కేబిన్‌కు రప్పించారు. అక్షరాలా నా పద్ధతి.

ఆఖరి ఆరు అతుకులు సొరంగంలో. దాని కోసం కొండను లేపాలి. థర్మోకోల్ కొండే, కాని గోవర్ధనగిరిని ఎత్తినవాడు కూడా నా అంత జాగ్రత్త పడి ఉండడు, ఆయన కొండ మీద చెట్లు జిగురుతో అంటించినవి కావు గదా. ఆదివారం సాయంత్రం ఆఖరి తీగ అతికింది. కొండను దించాం. ఇంజను మొదటి స్టేషన్లో బయల్దేరి, వంతెన దాటి, సొరంగం నోటి దగ్గరికి వచ్చి, ఆగకుండా లోపలికి వెళ్లింది. చీకట్లో దాని చప్పుడు ఒక్కటే వినిపించినంతసేపూ ముగ్గురం అవతలి నోటివైపు వంగి ఉన్నాం. అవతలి వైపు బయటికి వచ్చాక, ఈ గదిలో ఇక చుట్టాలు పడుకునే ఆశ లేదని మా ఆవిడ అంది. ఆయన మాత్రం బండిని చూడటం లేదు. కుడిచెయ్యి వేళ్లను ఎడమ చేత్తో ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్నాడు.

సోమవారం స్కూటరు మీద ఆయన్ని నేనే తీసుకెళ్లాను. తాపీ వంతెన దాటి, రింగ్ రోడ్డు మీద చీరల మూటల టెంపోల మధ్య ఇరుక్కుని, పర్వత్ పాటియా పక్క సందుల్లోని మిల్లుకు చేరేసరికి ఎనిమిదైంది. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. ఇద్దరం దాని వంక చూడనట్టే నటించాం. నేనెవరని మాస్టరు అడిగితే రైల్వే నుంచి అన్నాను. ఏ పని మీదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మాస్టరు కేబిన్ తలుపు తీసి లోపలికి రమ్మని సైగ చేశాడు. ఈయన కదలలేదు.

"కేబిన్ మే నహీ, మాస్టర్‌జీ" అన్నాడు. "సాంచే పే దేఖో."

కేబిన్లో కాదు, సాంచ మీదే చూడమనడానికి ఎంత ధైర్యం కావాలో పక్కన నిలబడితే తెలుస్తుంది. మగ్గం దగ్గర ఓడిపోతే ఇక తప్పు కేబిన్ మీద నెట్టడానికి కూడా ఉండదు. మాస్టరు ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, తలుపు మూసి, షెడ్డువైపు నడిచాడు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే శబ్దం నా ఛాతీ మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టింది. మా జంక్షన్లో అన్ని బళ్లూ ఒకేసారి వచ్చినా అంత చప్పుడు ఉండదు. వందకు పైగా సాంచలు, ఒక్కోదాని మీద మంచు పరిచినట్టు పడుగు. మాస్టరు ఒకదాని దగ్గర ఆగి, చిన్న కత్తెర తీసి, నడుస్తున్న పడుగులో ఒక్క పోగు కత్తిరించాడు. రేకు జారింది, ఎర్ర దీపం వెలిగింది, అంత యంత్రమూ గడియారంలా టక్కున ఆగింది.

ఆయన మాస్కును గడ్డం మీదికి లాక్కున్నాడు. సాంచ మీదికి వంగాడు. మోచేతులు దిమ్మె మీద ఆనాయి. తెగిన పోగు ఒక కొస దొరికింది, రెండోది దొరకలేదు, వేళ్లు రెండుసార్లు గాలిలో తడుముకున్నాయి. మాస్టరు తన చేతి గడియారం వంక చూశాడు. మణికట్టు పట్టీ మీద ఆనింది. తర్వాత ఏం జరిగిందో నేను చూశాను గాని, చూశానని ప్రమాణం చెయ్యలేను. వేళ్లు ఒకదాని కిందికి ఒకటి దూరాయి, ఒక మెలిక, ఒక లాగుడు, గోటితో మిగులు తెంపడం. మీట నొక్కాడు. ఎర్ర దీపం ఆరిపోయి సాంచ మళ్లీ అరవడం మొదలుపెట్టింది.

మాస్టరు జేబులోంచి పోగులు లాగే చిన్న కొక్కెం తీసి ఆయన చేతిలో పెట్టి, అవతలి వరసలో ఎర్ర దీపం వెలుగుతున్న ఇంకో సాంచ వైపు చూపించాడు. ఆయన అటు వెళ్లిపోయాడు. నాకు చెప్పి వెళ్లడం గుర్తు రాలేదు, నాకూ అది తప్పుగా తోచలేదు.

నేను ఆ మొదటి సాంచ దగ్గరే నిలబడ్డాను. బట్ట నెమ్మదిగా ముందుకు దిగి వస్తోంది, తెల్లగా, గీత లేకుండా. ముడి వేసిన చోటు వస్తే చూద్దామని కళ్లద్దాలు తుడుచుకుని, వంగి, మూర దూరం నుంచి, తర్వాత జానెడు దూరం నుంచి వెతికాను. ఆ బట్ట నా కళ్ల ముందే సాగి చుట్ట చుట్టుకుంటూ పోయింది. ముడి నాకు దొరకలేదు.